పరదా వెనక పాట

గురజాల,
ఆదివారం

చి॥ బుజ్జమ్మకు మేనత్త దీవించి వ్రాయునది.

ఫోన్లో నువ్వు చెప్పిన సంగతి రెండు రోజుల్నుంచి బుర్రలో తిరుగుతానే ఉంది. పాట నీ చేత పాడించి, వీడియోలో ఇంకో పిల్ల చేత పెదాలు కదిలిస్తారట. "డబ్బులిస్తన్నారుగా అత్తా" అన్నావు. నాకు నోట మాట రాలేదు. ఎందుకో చెప్తా.

నాకు పదిహేడేళ్లప్పుడు కోటప్పకొండ తిరనాళ్లలో మనూరి ప్రభ దగ్గర నాటకం వేశారు. వేషం కట్టినామెకు శ్రుతి కుదరదని నన్ను పరదా వెనక, బోర్లించిన కిరసనాయిలు డబ్బా మీద కూర్చోబెట్టారు. పద్యం నేనెత్తుకుంటే వన్స్‌మోర్లు ఆమెకు పడ్డాయి. తెల్లారి ఇంటికొచ్చి చూసుకుంటే పావడాకి అరచేయంత కిరసనాయిలు మరక. మీ తాతయ్య మాత్రం "పిల్ల స్టేజీ ఎక్కలేదు, అదే చాలు" అన్నాడు.

అప్పట్నుంచి టూరింగ్ టాకీసుకు భానుమతి సినిమా ఎప్పుడొచ్చినా ఆమె పెదాల వంకే చూసేదాన్ని. ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆమెది. సంగీతం నేర్పింది తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు. 1939లో 'వరవిక్రయం'లో నటించేనాటికి పదమూడేళ్లు. ప్లేబ్యాక్ వచ్చి హీరోయిన్లలో చాలామంది అరువు గొంతులకు అలవాటుపడ్డా ఆమె పాట ఆమే పాడుకుంది. వీలుచూసుకుని 'మల్లీశ్వరి' చూడు, 1951 నాటిది. మాట ఆగి పాట మొదలయ్యే చోట అతుకు కనపడదు. పలకరించిన గొంతే పాడుద్ది, ఆ విరుపూ ఆ పెంకెతనంతో సహా. 1966లో 'పల్నాటి యుద్ధం'లో మన నాయకురాలు నాగమ్మ వేషమూ ఆమెదే. అంతకుముందు 1947లో కన్నాంబ వేసింది. ఆమె కూడా పాడగలిగిన మనిషే! కారెంపూడి యుద్ధానికి కారణం ఆమేనని మనవాళ్లు నాగమ్మను ఎంత తిట్టినా, పేరెత్తేటప్పుడు గొంతు తగ్గిస్తారు, గమనించావా?

'మిస్సమ్మ' గొడవ నీకు తెలిసే ఉంటది. ముందు ఆ వేషం భానుమతిదే. షూటింగుకి ఆలస్యంగా వచ్చిందని చక్రపాణి గారు క్షమాపణ అడిగితే ససేమిరా అందంటారు. వేషం సావిత్రికి పోయింది. దాన్ని పౌరుషమని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకైతే ఇద్దరూ మొండివాళ్లే. ఒకటి మాత్రం మర్చిపోకు, ఆమె అట్లా లేచిపోగలిగిందంటే వెనక సొంత సినిమా కంపెనీ భరణీ ఉంది. భర్త రామకృష్ణ గారితో కలిసి సినిమాలు తీసింది. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది. అత్తగారి కథలు రాసింది. నువ్వింకా హాస్టలు ఫీజుకి మీ నాన్నని అడుగుతున్నావు. ఆమె పౌరుషం ఇప్పుడే అరువు తెచ్చుకోబాకు.

అందుకని వద్దని చెప్పి రామాకు. పోయి అడుగు. పాడింది ఫలానా అని వీడియో మొదట్లోనే, ఆ పిల్ల పేరంత అక్షరాలతో వేస్తారా? నీ గొంతు మీద వాళ్లకి హక్కు ఈ ఒక్క పాటకేనా, ఎప్పటికీనా? ఈ రోజుల్లో గొంతు పట్టుకుపోయి కంప్యూటరు చేత వేరే పాటలు పాడిస్తున్నారంట, దాని సంగతేంటి? నోటితో చెప్తే కుదరదు, కాగితం మీద ఉండాలి. ఆ కాగితం సంతకం పెట్టకుండా నాకు వాట్సప్‌లో పంపు. నరసరావుపేట కోర్టు దగ్గర మనకి తెలిసిన ప్లీడరు గారున్నారు, సోమవారం నేనే తీసుకెళ్లి చూపిస్తా. వాళ్లు తొందరపెడితే మా అత్త చాదస్తపు మనిషి, ఆవిడ చూడందే సంతకం పెట్టనివ్వదని నా మీదకు తోసెయ్.

మిరపకాయలు ఎండాయి. పచ్చడి రెండు సీసాలు మీ అన్న చేత పంపుతున్నా, పాడే రోజు మాత్రం ముట్టుకోబాకు. ఉగాదికి వస్తావుగా. ఆ తిరనాళ్ల పద్యం ఇంకా నోటికి ఉంది. వసారాలో లైటు కింద కూర్చుని పాడతా, నువ్వు ఎదురుగ్గా కూర్చో.

మీ అత్తయ్య