ట్రయల్స్ సైకిల్ రిమ్ముకు గరుకుదనం ఎందుకు? బ్రేకు వెనుక ఘర్షణ పాఠం

ఇంటర్ ఫిజిక్స్, పాలిటెక్నిక్ మెకానికల్, ఐటీఐ ఫిట్టర్ థియరీ... ఎందులో చూసినా ఘర్షణ పాఠం ఉంటుంది. సూత్రాలు అందరికీ నోటికి వస్తాయి. ‘గరుకు తలం మీద ఘర్షణ ఎప్పుడూ ఎక్కువేనా?’, ‘అల్యూమినియాన్ని ఏ అబ్రేసివ్‌తో గ్రైండ్ చేయాలి?’ అని కాస్త తిప్పి అడిగితేనే తడబాటు మొదలవుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకేచోట కలిసే మంచి ఉదాహరణ ట్రయల్స్ సైకిల్ వెనుక చక్రం. బ్రేకు పట్టు కోసం దాని రిమ్మును గ్రైండర్‌తో గీరి గరుకు చేస్తారు.

ఏమిటీ ట్రయల్స్?

బండరాళ్లు, దుంగలు, సిమెంటు దిమ్మెల మీదుగా కాలు నేలకు ఆనించకుండా సైకిల్‌ను దాటించే క్రీడ ఇది. 1970లలో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో రూపుదిద్దుకుంది. మోటార్‌సైకిల్ క్రీడాకారుడు పెరే పి, ఆయన కుమారుడు ఓట్ పి పేర్లు దీని చరిత్రలో ముందు వస్తాయి. 2009లో ఎడిన్‌బరో వీధుల్లో డానీ మెకాస్కిల్ చేసిన వీడియోతో సామాన్య ప్రేక్షకులకూ ఈ తరహా విన్యాసం పరిచయమైంది. పోటీల్లో 20 అంగుళాలు, 26 అంగుళాల చక్రాలకు వేర్వేరు విభాగాలు ఉన్నాయి.

బ్రేకు పని ఆపడం కాదు, కదలనివ్వకపోవడం

మామూలు సైకిల్‌లో బ్రేకు వేగాన్ని తగ్గిస్తుంది. ప్యాడ్ మీద రిమ్ము జారుతూ ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేసేది గతిక ఘర్షణ. గతిజ శక్తి వేడిగా మారుతుంది. ట్రయల్స్‌లో సంగతి వేరు. రైడర్ ముందు చక్రం గాల్లోకి లేపి, వెనుక చక్రం ఒక్కటే రాయి అంచున ఆనించి నిలబడతాడు. అక్కడి నుంచే మరో రాయి మీదికి దూకుతాడు. ఆ క్షణాల్లో చక్రం వెంట్రుకవాసి కూడా తిరగకూడదు. అంటే ఇక్కడ కావలసింది స్థైతిక ఘర్షణ. చక్రం తిరగదు కనుక పుట్టే వేడి చాలా తక్కువ. రిమ్మును గీరడం ఇక్కడ ఎందుకు చెల్లుతుందో, రోడ్డు సైకిల్‌కు ఎందుకు చెల్లదో ఈ ఒక్క తేడాలోనే ఉంది.

టార్క్ లెక్క

రైడర్, సైకిల్ కలిపి ద్రవ్యరాశి 80 కిలోలు అనుకుందాం. గురుత్వ త్వరణం 10 తీసుకుంటే బరువు 800 న్యూటన్లు. 30 డిగ్రీల వాలు మీద వెనుక చక్రంపైనే నిలబడితే వాలు వెంట కిందికి లాగే బలం 800 × సైన్ 30 = 400 న్యూటన్లు. టైరు వ్యాసార్ధం 0.33 మీటర్లు అయితే బ్రేకు నిలువరించాల్సిన టార్క్ 132 న్యూటన్ మీటర్లు.

రిమ్ బ్రేకు ప్యాడ్ ఆనే చోటు ఇరుసుకు 0.275 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కావలసిన ఘర్షణ బలం 132 ÷ 0.275 = 480 న్యూటన్లు. రెండు ప్యాడ్‌లు కాబట్టి ఒక్కోదానికి 240. ఘర్షణ గుణకం 0.4 అయితే ఒక్కో ప్యాడ్‌ను 600 న్యూటన్లతో నొక్కాలి. గుణకాన్ని 0.6కు పెంచగలిగితే 400 చాలు. రిమ్మును గరుకు చేయడం వెనుక ఉన్న లాభమంతా ఈ తగ్గిన 200 న్యూటన్లే. పోటీలో ఎక్కువసేపు ఒక్క చూపుడువేలితోనే లివర్ పట్టి ఉంచేవాడికి అది చిన్న తేడా కాదు. ఎత్తు నుంచి దూకి దిగినప్పుడు బలం క్షణకాలం దీనికి ఎన్నో రెట్లు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

అదే టార్క్‌ను ఇరుసుకు 0.075 మీటర్ల దూరంలో పట్టే డిస్క్ బ్రేకుతో ఆపాలంటే 1,760 న్యూటన్ల ఘర్షణ కావాలి. డిస్క్ బ్రేకు హైడ్రాలిక్ వ్యవస్థ ఆ బలాన్ని ఇస్తుంది, అనుమానం లేదు. అయినా వ్యాసార్ధం ఎక్కువ కావడం రిమ్ బ్రేకుకు పుట్టుకతో వచ్చిన అనుకూలత. జర్మనీ కంపెనీ మాగురా తయారుచేసే హెచ్‌ఎస్33 హైడ్రాలిక్ రిమ్ బ్రేకు ట్రయల్స్ రైడర్లకు చిరకాలంగా ఇష్టమైనది. గట్టిగా నొక్కినప్పుడు ఫ్రేమ్ గొట్టాలు పక్కకు విచ్చుకోకుండా గుర్రపునాడా ఆకారంలో బూస్టర్ అనే పట్టీని బిగిస్తారు.

గరుకు చేస్తే నిజంగా ఏం జరుగుతుంది?

చాలామంది తప్పు రాసేది ఇక్కడే. ‘గరుకు చేస్తే స్పర్శా వైశాల్యం పెరుగుతుంది, కాబట్టి ఘర్షణ పెరుగుతుంది’ అని రాస్తే మార్కులు పోతాయి. 1699లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త అమాంటన్స్ ప్రకటించిన నియమాల ప్రకారం ఘర్షణ అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది, పైకి కనిపించే వైశాల్యంపై ఆధారపడదు. తర్వాత కూలుంబ్ ఈ నియమాలను ప్రయోగాలతో విస్తరించాడు.

‘గరుకైతే ఘర్షణ ఎక్కువ’ అనేది కూడా సార్వత్రిక సూత్రం కాదు. బాగా నునుపు చేసిన రెండు శుభ్రమైన లోహ తలాలను తాకిస్తే, అణువుల మధ్య అసంజనం వల్ల ఘర్షణ పెరగవచ్చు కూడా. రిమ్ము విషయంలో గరుకుదనం పనికొచ్చేది ఒక తలం గట్టి లోహం, రెండోది దానికంటే మెత్తని పాలిమర్ కావడం వల్లే. గీతల కొసలు ప్యాడ్‌లోకి దిగబడతాయి. చక్రం కదలాలంటే ప్యాడ్ పదార్థాన్ని వంచాలి, లేదా చీల్చాలి. అసంజనానికి తోడు ఈ దున్నుడు ప్రభావం కలుస్తుంది. రబ్బరు వంటి పదార్థాలు అమాంటన్స్ నియమాలను కచ్చితంగా పాటించవన్నది కూడా వ్యాసరూప జవాబులో చేర్చదగ్గ అంశం.

తడిలో లాభం ఇంకా స్పష్టం. నున్నటి రిమ్ము మీద నీటి పొర ప్యాడ్‌ను తేల్చేస్తుంది. గరుకు రిమ్ము మీద గీతల కొసలు ఆ పొరను చీల్చుకుపోతాయి, నీరు గాడుల్లోకి తప్పుకుంటుంది.

పని క్రమం

మొదట చక్రం బెండు తీయాలి. రిమ్ము అటూ ఇటూ ఊగుతుంటే ఎంత గీరినా ప్యాడ్ సమంగా ఆనదు. తర్వాత టైరు, ట్యూబు విప్పేయాలి. ప్యాడ్ వదిలిన నల్లటి మడ్డిని స్పిరిట్‌తో తుడవాలి. చక్రం తిరగకుండా కట్టేయాలి. లేకపోతే గ్రైండర్ తాకగానే చక్రమే గిర్రున తిరిగి, గీత పడాల్సిన చోట ఊరికే పాలిష్ పడుతుంది.

యాంగిల్ గ్రైండర్‌ను ఒత్తకుండా, తాకీ తాకనట్టు ఆనించి వెంటనే తీసేయాలి. ఒక గీత పక్కన మరో గీత, దగ్గరదగ్గరగా, అడ్డంగానో ఏటవాలుగానో పడాలి. చుట్టుకొలత వెంబడి గీతలు పడితే ప్యాడ్ వాటి వెంటే జారిపోతుంది, శ్రమంతా వృథా. గోరుతో గీస్తే తగిలేంత లోతు చాలు. అనోడైజింగ్ చేసిన రిమ్ము అయితే పైనున్న రంగు పొర పోయి తెల్లటి లోహం బయటపడుతుంది. చుట్టూ ఒకే తీరుగా రావడం లోతు కంటే ముఖ్యం. ఒక్కచోట నునుపు మిగిలినా, చక్రం సరిగ్గా ఆ చోట ఆగినప్పుడు జారుతుంది. చివర్న ఎమరీ పేపరుతో బర్‌లను తేలిగ్గా తీసి, మళ్లీ తుడిచి, గరుకు రిమ్ముకు తగిన గట్టి ప్యాడ్‌లు వేయాలి.

కొంతకాలానికి ప్యాడ్ పొడి గాడుల్లో నిండి రిమ్ము నల్లగా మెరుస్తుంది. అప్పుడు మళ్లీ గీరాలి. ప్రతిసారీ గోడ పలుచబడుతుంది కనుక ఇది అంతులేకుండా చేసే పని కాదు.

ఏ డిస్క్, ఏ జాగ్రత్తలు?

ఫిట్టర్ ట్రేడ్ విద్యార్థులకు ఇది ముఖ్యం. ఉక్కుకు అల్యూమినియం ఆక్సైడ్ వీల్, అల్యూమినియం వంటి ఇనుమేతర లోహాలకు సిలికాన్ కార్బైడ్ వీల్ అన్నది పాఠ్యపుస్తక నియమం. మెత్తని అల్యూమినియం, వీల్ రంధ్రాల్లో ఇరుక్కోవడాన్ని లోడింగ్ అంటారు. లోడ్ అయిన డిస్క్ కోయదు, వేడెక్కుతుంది, పగిలే ప్రమాదమూ ఉంది. రేణువుల పదును అరిగి నున్నబడటం గ్లేజింగ్. ఈ రెంటినీ కలిపేయకండి.

అల్యూమినియం ధూళి మండే స్వభావం కలది. మూసిన గదిలో ఈ పని వద్దు. అక్కడే ఇనుము గ్రైండ్ చేసి నిప్పురవ్వలు రాల్చడం అసలే వద్దు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. గ్రైండర్ గార్డు తీసేసి పనిచేయడం మన వర్క్‌షాపుల్లో మామూలైపోయింది కానీ, అది నైపుణ్యం కాదు, మొండితనం.

తారు పూత

గ్రైండింగ్‌కు ప్రత్యామ్నాయంగా కొందరు చిన్న తారు ముక్కను రిమ్ముకు పలుచగా రుద్దుతారు. ఇక్కడ పట్టు దున్నుడు వల్ల రాదు, జిగట వల్ల వస్తుంది. రిమ్ము గోడ అరగదు. దుమ్ము అంటుకోవడం, మాటిమాటికీ పూయాల్సి రావడం ఇబ్బందులు.

మన సైకిళ్లకు చేయొచ్చా?

వద్దు. రోడ్డు మీద ప్యాడ్ జారుతూనే వేగం తగ్గించాలి. గరుకు రిమ్ము ఆ ప్యాడ్‌ను ఆకురాయిలా తినేస్తుంది, చక్రం ఒక్కసారిగా పట్టేసి పడేయవచ్చు. పైగా గోడ పలుచబడిన రిమ్ము టైరులోని గాలి ఒత్తిడికి పగలవచ్చు. పాతకాలపు రాడ్ బ్రేకు సైకిళ్లలో ప్యాడ్‌లు రిమ్ము పక్కలను కాదు, లోపలి వైపును నొక్కుతాయి. ఆ ఉక్కు రిమ్ము క్రోమియం పూతను గీరితే మిగిలేది తుప్పే.

పరీక్షలో ఇలా అడగొచ్చు

చక్రం లాక్ అయి కదలకుండా ఉన్నప్పుడు ప్యాడ్, రిమ్ముల మధ్య పనిచేసే ఘర్షణ ఏది? స్థైతిక ఘర్షణ. అభిలంబ బలం మారకుండా ప్యాడ్ వైశాల్యం రెట్టింపు చేస్తే అమాంటన్స్ నియమం ప్రకారం ఘర్షణ ఎంత? మారదు.

ఇక లెక్క. 100 మి.మీ. గ్రైండింగ్ డిస్క్ అంచు వేగం సెకనుకు 80 మీటర్లు దాటకూడదు. గరిష్ఠ ఆర్‌పీఎం ఎంత? వేగాన్ని చుట్టుకొలతతో భాగించి 60తో గుణిస్తే 80 ÷ (3.14 × 0.1) × 60 = సుమారు 15,300. 115 మి.మీ. డిస్క్‌కు మీరే చేసి చూడండి. 13,300 దగ్గర రాకపోతే మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచారేమో చూసుకోండి.