తెలుగులో వెబ్‌సైట్: అందరూ అడిగే ఆరు ప్రశ్నలు

కోడింగ్ బాగా వచ్చిన ఫ్రెండ్స్ కూడా తెలుగు సైట్ అనగానే వెనకాడతారు. చివరికి కవితని ఫోటో చేసి పెట్టేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఫోటోలో ఉన్న కవిత వెతికితే తేలిగ్గా దొరకదు, అందులోంచి ఒక లైను కాపీ చెయ్యలేం, చూపు లేనివాళ్ళకి ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపించలేదు. రాసినవాళ్ళ కష్టం సగం వృథా అయినట్టే. నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియమే. నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

1. తెలుగు బదులు పిచ్చి గుర్తులు, డబ్బాలు ఎందుకొస్తాయి?

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. కంప్యూటర్‌కి అంకెలే తెలుసు. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలున్నాయి. అందులో 'క' 3093. యూటీఎఫ్-8 పద్ధతిలో దాన్ని దాస్తే 3 బైట్లు పడుతుంది. బ్రౌజర్ ఆ మూడింటినీ కలిపి చదవకపోతే ఒక్క 'క' మూడు పిచ్చి గుర్తులవుతుంది. అందుకే పేజీ హెడ్‌లో మొదట్లోనే మెటా ట్యాగ్‌తో యూటీఎఫ్-8 అని చెప్పాలి, ఫైల్ కూడా అలాగే సేవ్ చెయ్యాలి. డబ్బాలు కనిపిస్తే మాత్రం అక్షరం సరిగ్గానే చేరింది, ఫాంటే లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఉచితం.

2. కథ సేవ్ అయింది, ఇమోజీ పెడితే ఎర్రర్ వచ్చిందేంటి?

మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అన్న పేరుతో ఉన్నది అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగు సరిపోతుంది, ఇమోజీకి 4 కావాలి. మొదటి రోజే 'యూటీఎఫ్8ఎంబీ4' ఎంచుకుంటే గొడవ ఉండదు.

3. శీర్షికని 50 అక్షరాలకి కోస్తే వత్తు ఊడిపోతోంది. ఎందుకు?

'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మధ్యలో ఎక్కడ కోసినా అక్షరం విరుగుతుంది. పదాల మధ్య ఖాళీ చూసి అక్కడ కొయ్యండి.

4. వత్తులు కింద తెగిపోతున్నాయి?

లైన్ హైట్ చాలట్లేదు. ఇంగ్లీష్‌కి 1.2 సరిపోవచ్చు, తెలుగుకి 1.6 నుంచి మొదలుపెట్టి చూడండి. 'రాష్ట్రం' అని టైప్ చేస్తే వెంటనే తెలిసిపోతుంది.

5. పాత సంచికల ఫైళ్ళు ఉన్నాయి కదా, అవే పెట్టేస్తే?

అసలు చిక్కు ఇక్కడే. పాత డీటీపీ ఫాంట్లు చాలావాటిలో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టారు. పైకి 'అమ్మ' అని కనిపిస్తుంది, లోపల ఉండేది ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఏమీ అర్థం కాదు. 'అమ్మ' అని వెతికితే ఒక్కటీ రాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ ఒక్కో ఫాంట్ కుటుంబానికి ఒక్కో పట్టిక కావాలి. మార్చాక కూడా వత్తులు, గుణింతాలు మనిషి కూర్చుని సరిచూడాల్సిందే. ఈ పనికి కోడింగ్ అక్కర్లేదు, తెలుగు చదవడం వస్తే చాలు. ఆ ఫాంట్లున్న పాత కంప్యూటర్లు పనిచేస్తుండగానే చేసెయ్యాలి.

6. సైట్ ఎన్నాళ్ళుంటుంది?

స్టాటిక్ సైట్ అయితే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. డొమైన్ పేరుకి మాత్రం గడువు తీరకముందే డబ్బు కట్టి పొడిగించుకోవాలి. అది ఫైనలియర్ అన్నయ్య సొంత మెయిల్ మీద ఉంటే, ఆయన ఉద్యోగానికి వెళ్ళాక గుర్తుచేసే మెయిల్ ఎవరూ చూడరు, పేరు పోతుంది. క్లబ్ పేరున ఒక మెయిల్ పెట్టి, ఇద్దరు జూనియర్లకి పాస్‌వర్డ్ ఇవ్వండి. మొత్తం సైట్ కాపీ ఒకటి వేరే చోట ఉంచండి.

మొదలుపెట్టడానికి ఒక్క సంచిక చాలు. ఒకరు కన్వర్టర్ నడపండి, ఒకరు పక్కన కూర్చుని వత్తులు చూడండి.