అత్త దిగులు

అత్తకు షుగరు జబ్బు. నాలుగేళ్లయింది. ఈ మధ్య మాటే లేదు. పొద్దస్తమానం మంచం మీదే. అన్నం సయించదు. నిద్ర పట్టదు. మాత్రలు గూట్లోనే ఉన్నాయి.

"ముసలిదానికి బద్ధకం" అన్నారు ఇరుగుపొరుగు. అనడం సులువే.

"బద్ధకం కాదమ్మా, దిగులు జబ్బు" అంది నర్సమ్మ. "రెండు వారాలైనా దిగులు తగ్గలేదంటే డాక్టరుకు చూపాలి. షుగరు ఉన్నవాళ్లలో ఇది మిగతావాళ్ల కంటే రెట్టింపు. దిగులుతో మందు మానేస్తారు. షుగరు పెరుగుతుంది. ఒళ్లు నీరసిస్తుంది. దిగులు ఇంకా ముదురుతుంది. రెండింటికీ వైద్యం ఉంది."

కోడలు 14416కు ఫోను చేసింది. 2022లో సర్కారు పెట్టిన నంబరు అది. డబ్బు అడగరు. తెలుగులోనే మాట్లాడారు. ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు.

దారిలో అత్త నోరు విప్పింది. "చచ్చిపోదామనిపించిందే అమ్మాయ్."

"ఆ మాట కూడా డాక్టరుకు చెప్పు అత్తమ్మా" అంది కోడలు.