ఎల్లమాస వంటలో గోధుమ దుమ్ము పడకుండా

ప్రశ్న: అక్కా, మాది సిర్గాపూర్. ఈసారి ఎల్లమాసకు మా ఆడబిడ్డ వాళ్లు హైదరాబాద్ నుంచి వస్తున్నరు. వాళ్ల ఎనిమిదేండ్ల పాపకు సీలియాక్ జబ్బు అని డాక్టర్లు తేల్చిన్రు. గోధుమ అసలు ముట్టొద్దట. బీదర్ దిక్కు చుట్టాలు కూడా వస్తరు, అందరం కలిసి ఇరవై మందిమి చేనుకాడ తింటం. పాపకు వేరుగా వండి డబ్బాల పెట్టాల్నా? మా మామయ్య ‘పండుగపూట ఒక్క భక్ష్యం తింటే ఏమైతది’ అంటున్నడు. ఆయనకు ఏం చెప్పాలె?

జవాబు: వేరే డబ్బా వద్దు చెల్లె. పాప తినేదే ఇరవై మందికీ వండు. ఎల్లమాసకు, అంటే మార్గశిర అమావాస్యనాడు, మన నారాయణఖేడ్, జహీరాబాద్ రైతులు పాండవుల పేరిట అయిదు రాళ్లు పెట్టి పూజ చేసి, పైరు మీద చల్లి, తాము తినే తిండిని ఒకసారి తలుచుకో. జొన్న రొట్టె, నువ్వులద్దిన సజ్జ రొట్టె, అంబలి. ఆకుకూరలు, పచ్చి శనగలు, అనపగింజలు, చింతకాయ కలిపి ఉడికించి శనగపిండితో చిక్కబరిచిన బజ్జి. పాపకు పడని గ్లూటెన్ అనే పదార్థం వీటిలో దేనిలోనూ లేదు. అది గోధుమలో, బార్లీలో, రై అనే గింజలో ఉంటుంది. నల్లరేగడి చేనులో పండిన మన పండుగ తిండి ఆ పాపకు సరిగ్గా సరిపోయే తిండి.

చిక్కంతా గోధుమ దుమ్ముతోనే. గిర్నిలో నీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకొని పోతారు, ఆ పిండి రాళ్ల మధ్య మిగిలి నీ జొన్నపిండిలో కలుస్తుంది. పొద్దున్నే మొదట నువ్వే పట్టించినా నిన్నటిది లోపల ఉండనే ఉంటుంది. జొన్నలు, సజ్జలు గింజలుగానే తెచ్చుకో. యాసంగిలో జొన్న, గోధుమ ఒకే కళ్లం మీదికి, ఒకే సంచుల్లోకి వస్తాయి కాబట్టి పళ్లెంలో పోసి గోధుమ గింజలు ఏరెయ్యి, కడిగి ఆరబెట్టు. అటక మీద పాత ఇసుర్రాయి ఉంటే, దానిమీద ఎప్పుడూ గోధుమ ఇసరలేదని తెలిస్తే, అంతకన్న మంచిది లేదు. లేదంటే శుభ్రంగా కడిగిన మిక్సీ చాలు. బజ్జిలోకి శనగపిండి కూడా పప్పు తెచ్చి ఇంట్లోనే పట్టు. సజ్జపిండి నిలవుంటే చేదెక్కుతుంది, దాన్ని ముందురోజే పట్టుకో.

జల్లెడ కొత్తది కొను. పాత జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. చపాతీలు ఒత్తిన కర్రపీట, చపాతీలు కాల్చిన పెంక ఆ రోజుకు పక్కన పెట్టు. రొట్టె పగలకుండా కొందరు జొన్నపిండిలో గుప్పెడు గోధుమపిండి కలుపుతారు. సాయానికి వచ్చే ఆడవాళ్లకు ఈ మాట ముందే చెప్పు. జొన్నపిండికి సాగే గుణం లేదు కాబట్టే మసిలే ఎసరు పోసి కలుపుతాం. వేడికి పిండి జిగురెక్కి పట్టు వస్తుంది. ఒక్కో రొట్టెకు సరిపడా పిండే తీసుకొని, బాగా మర్దించి తడితే అంచులు చీలవు. బజారులో అమ్మే జొన్న రొట్టెలు తేవద్దు, అదే పెంక మీద చపాతీలు కాల్చే దుకాణాలు ఎన్నో.

ఇంగువ డబ్బా మీద రాసింది చదువు. పొడి ఇంగువలో చాలాసార్లు గోధుమపిండో మైదానో కలుపుతారు. ఆ రోజు ఎల్లిగడ్డ తాలింపుతో సరిపెట్టు.

ఇక భక్ష్యాల సంగతి. లోపలి పూర్ణంతో భయం లేదు, ప్రమాదమంతా పైపొరలో ఉంది. అదే పూర్ణాన్ని బియ్యం, మినపప్పు రుబ్బిన పిండిలో ముంచి బూరెలు వెయ్యి, నూనె మాత్రం పూరీలు కాల్చింది వద్దు. నువ్వుల ముద్దలు, సకినాలు కూడా పాప తినొచ్చు. బీదర్ చుట్టాలు చపాతీలు కట్టుకొని వస్తే, వాటిని వేరే దుప్పటి మీద విప్పమను, ఆ చేతులతో రొట్టెల గంప ముట్టొద్దని మర్యాదగా చెప్పు. పాపకు అందరికంటే ముందు వడ్డించు. గుడిలో రవ్వ ప్రసాదం ఇస్తే దండం పెట్టించి కొబ్బరి ముక్క ఇప్పించు.

మామయ్యకు ఇట్లా చెప్పు. సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ తింటే శరీరం తన పేగునే దెబ్బతీసుకుంటుంది. తిండిలో సారం పీల్చే సన్నని పొర అరిగిపోతుంది, పిల్ల ఎదగదు, రక్తం తగ్గుతుంది. కడుపునొప్పి రాకున్నా లోపల నష్టం జరగొచ్చు. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి గోధుమ రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు కోలుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్లీ క్షీణించారు. విలెం డికె అనే పిల్లల డాక్టరు 1950లో గోధుమే కారణమని తన పరిశోధనలో చూపించాడు. గ్లూటెన్ లేదని ముద్ర వేసి అమ్మే తిండిలో కిలోకు 20 మిల్లీగ్రాములు మించొద్దని మన దేశంలో నియమం. ఒక్క భక్ష్యంలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. తాతయ్యే తన చేత్తో జొన్న రొట్టె తుంచి పెట్టమను, ఆయన ముచ్చటా తీరుతుంది.

ప్రశ్న: చపాతీ తింటే కడుపు ఉబ్బుతోంది. నెల నుంచి గోధుమ మానేశాను. ఇప్పుడు సీలియాక్ పరీక్ష చేయించుకోవాలా? – ఒక పాఠకుడు, నారాయణఖేడ్

జవాబు: చేయించుకోండి, కానీ మానేసిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా పట్టిస్తుంది. మానేశాక జబ్బు ఉన్నా లేనట్టు కనిపించొచ్చు. ఎన్ని వారాలు, ఎంత తిని పరీక్షకు రావాలో ఆయనే చెబుతారు. రక్తంలో తేలితే పేగు నుంచి చిన్న ముక్క తీసి చూసి నిర్ధారిస్తారు. మీకు ఉన్నట్టు తేలితే మీ పిల్లలకు, తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా ఆ రక్తపరీక్ష చేయించండి.