చక్కెర జబ్బు - మన కంచానికి తగిన పథ్యం

దంపతులారా!

తిండి, నడక మార్చుకుంటే చక్కెర జబ్బు రాకుండా ఆపవచ్చునా అని అమెరికాలో పరీక్షించి చూశారు. బరువు నూటికి 7 వంతులు తగ్గించుకోవాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అన్నది నియమం. 2002లో ఫలితం ప్రచురించారు: జబ్బు ముప్పు నూటికి 58 వంతులు తగ్గింది.

ఆ పథ్యమే మనకూ సరిపోతుందా? వాళ్లది రొట్టె, మాంసం. మనది అన్నం. పైగా మనలో అంత లావు లేనివారికీ ఈ జబ్బు వస్తోంది. అందుకని మన దేశంలోనే చేసిన పరీక్షలో అన్నంలాంటి పిండి పదార్థాలు, నూనె తగ్గించి, పంచదార మాన్పించి, పీచు ఉన్నవి పెంచారు. రోజుకు అరగంట నడవమన్నారు. ఒళ్లు వంచి పనిచేసేవారిని మాత్రం ఆ పనే కొనసాగించమన్నారు. బరువు పెద్దగా తగ్గకపోయినా ముప్పు నూటికి 28 వంతులు తగ్గిందని 2006లో ప్రకటించారు.

ఇది మీకెందుకంటారా? కడుపుతో ఉండగా చక్కెర కనిపించిన తల్లికి కాన్పయ్యాక అది తగ్గినట్టే ఉంటుంది. కాని ముందుముందు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పయిన 6 వారాలకు రక్తపరీక్ష చేయించండి. మళ్లీ బిడ్డను కనే ముందు ఇంకోసారి. అందాకా ఏ పద్ధతి వాడాలో ఏ.ఎన్.ఎం.ను అడగండి.

అయ్యా, ఒకే కుండ అన్నం తినే ఇంట్లో ఆమె ఒక్కతే పథ్యం చేయలేదు. మీ కంచంలోనూ ఓ గరిటె అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచమనండి. పాలిచ్చే తల్లి మాత్రం పస్తు ఉండరాదు. ఈ మాట మీ అమ్మగారికి మీరే చెప్పండి. కోడలు చెబితే వింటారా?