తుప్పు వదిలిద్దాం

వరికోతలు వచ్చాయి. కోడలు చూరులోంచి కొడవలి తీసింది. నిరుడు కోతలయ్యాక దాన్ని యూరియా సంచిలో చుట్టి పెట్టింది. ఇప్పుడు చూస్తే ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

"అయ్యో అత్తమ్మా! రేపే కోత. ఇది తెగదు. మునుంలో నేనొక్కదాన్నే వెనకబడతాను. కొత్తది కొందామంటే డబ్బుల్లేవు" అంది.

"కంగారు పడకే. ఇది పైపై తుప్పే. పోతుంది" అంది అత్త.

తుప్పు ఎందుకు పడుతుంది?

ఇనుముకు నీరూ గాలీ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తగిలితే ఇంకా తొందరగా పడుతుంది. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే ఆ సంచిలో పెట్టిన కొడవలి పాడైంది. తుప్పు పొరలుగా రాలుతుంది. కింద మళ్లీ కొత్త తుప్పు పుడుతుంది. అలా వదిలేస్తే ఇనుమునే తినేస్తుంది.

అత్త ఏం చేసింది?

1. కొడవలికున్న మట్టి కడిగింది.
2. చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి, ఆ గుజ్జు తుప్పుకు పట్టించింది. గంట ఆగింది. పులుపు తుప్పును కరిగిస్తుంది.
3. కొబ్బరి పీచుతో రుద్దింది. పళ్ల వైపు పాత బ్రష్షుతో రుద్దింది.
4. సబ్బునీళ్లతో బాగా కడిగింది. పులుపు మిగిలితే మళ్లీ తుప్పు పడుతుంది.
5. వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టింది.
6. ఆరాక నూనెగుడ్డతో పలచగా తుడిచింది.

కొడవలి తేటగా వచ్చింది. మర్నాడు కోడలు అందరితో సమానంగా కోసింది.

మళ్లీ పట్టకుండా ఏం చెయ్యాలి?

పని కాగానే కడిగి, తుడిచి పెట్టండి. కోతలయ్యాక నూనె రాసి, పొడిగుడ్డలో చుట్టి, గాలి తగిలేచోట పెట్టండి. తడి నేల మీద, ఉప్పుకుండ పక్కన, ఎరువుల సంచిలో పెట్టకండి. పారకూ గడ్డపారకూ ఇదే పద్ధతి. కుట్టుమిషనుకు మాత్రం మిషను నూనే వాడండి. వంటనూనె జిగురు కడుతుంది.

జాగ్రత్త!

కొడవలి తెగితే పసుపు అద్ది ఊరుకోకండి. సబ్బునీళ్లతో గాయం కడగండి. ఆసుపత్రికి వెళ్లి, ధనుర్వాతం ఇంజెక్షను అవసరమేమో అడగండి. ఆ జబ్బు తుప్పు వల్ల రాదు. మట్టిలో, పేడలో ఉండే క్రిముల వల్ల వస్తుంది. కొత్త కొడవలికి మట్టి అంటినా ప్రమాదమే.

చదివారు కదా! ఇప్పుడు రాయండి.

1. తుప్పు పట్టడానికి ఏ రెండు కావాలి?
2. చింతపండు రుద్దాక ఎందుకు కడగాలి?
3. మీ ఇంట్లో తుప్పు పట్టిన పనిముట్లు ఏవి? మీ ఊళ్లో కొత్తవి కొంటే ఎంతవుతుంది? లెక్క కట్టండి.