పొగ తగిలితే మబ్బు తెల్లబడుతుందా?

ప్రశ్న: మాది చిల్లకూరు మండలంలో తీరపు ఊరు. కృష్ణపట్నం వైపు థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు కనిపిస్తుంటాయి. ఆ పొగ సముద్రం మీది మబ్బుల్లో కలిస్తే అవి ఇంకా తెల్లబడతాయట. మసి తగిలితే నల్లబడాలి గదండీ?
– ఒక రొయ్యల రైతు

జవాబు: మీ అనుమానం సగం సబబే. పొగంటే మసి ఒక్కటే కాదు. బొగ్గు కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేట్ రేణువులుగా మారుతుంది. వాటికి తేమను పట్టుకునే గుణం ఉంది. మబ్బులో ప్రతి నీటిబిందువూ ఇలాంటి ఏదో ఒక రేణువును ఆసరా చేసుకునే పుడుతుంది. రేణువులు పెరిగినంత మాత్రాన నీరు పెరగదు, ఉన్న నీరే ఎక్కువ బిందువులుగా చీలుతుంది. బిందువులు 8 రెట్లయితే ఒక్కోదాని వ్యాసం సగానికి పడిపోతుంది, అన్నిటి ఉపరితలం కలిపితే మాత్రం రెట్టింపు. ఎండను ఎక్కువగా తిప్పికొట్టేది అందుకే. పటికబెల్లం పలుకు అద్దంలా ఉంటుంది, దంచితే తెల్లటి పొడి! సీన్ ట్వూమీ 1970ల్లో ఈ లెక్క కట్టారు. ఓడలు పోయిన దారిలో మబ్బుల మీద తెల్లచారలు 1960ల ఉపగ్రహ చిత్రాల్లోనే కనిపించాయి.

ఇక మసి సంగతి. వీరభద్రన్ రామనాథన్ తదితరుల ఆధ్వర్యంలో 1999లో జరిగిన ఇండోయెక్స్ పరిశోధనలో, ఉత్తర హిందూ మహాసముద్రం మీద చలికాలంలో గోధుమరంగు పొగతెర పరుచుకుంటోందని తేలింది. అందులోని మసి ఎండను మింగి గాలిని వేడెక్కిస్తుంది, చిన్నాచితకా మబ్బులు ఆరిపోతాయి. అంచేత మన తీరంలో పొగ మబ్బును తెల్లబరచనూ వచ్చు, చెరిపేయనూ వచ్చు. అయితే కింద నిలబడి చూసి ఏదీ తేల్చకండి. పైన ఎండను బాగా తిప్పికొట్టే మబ్బు, కిందినుంచి చూసేవారికి మరింత నల్లగానే ఉంటుంది.

ప్రశ్న: సముద్రపు నీటినే తుంపరగా చిమ్మి మబ్బుల్ని తెల్లబరిస్తే మా రోహిణికార్తె ఎండలు తగ్గవా?
– ఒక విద్యార్థిని, గూడూరు

జవాబు: 1990లో జాన్ లాథమ్ చెప్పిన ఆలోచన ఇదే. పగడాలను వేడి నుంచి కాపాడేందుకు ఆస్ట్రేలియా వాళ్లు 2020లో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర చిన్న ఎత్తున ప్రయత్నించారు కూడా. కానీ ఇది బాగా పనిచేసేది తక్కువ ఎత్తులో బల్లపరుపుగా పరుచుకునే మబ్బుల మీద. పెరూ, కాలిఫోర్నియా, నమీబియా తీరాల చల్లటి నీటి మీద అలాంటివి దండిగా ఉంటాయి. బంగాళాఖాతం వెచ్చన, ఇక్కడి మబ్బులు నిలువునా లేస్తాయి. పైగా మన గాలిలో రేణువులకు కొదవలేదు, ఇంకొన్ని చల్లినా పెద్ద తేడా రాదు. అసలు రోహిణిలో మబ్బే లేని రోజున దేన్ని తెల్లబరుస్తాం తల్లీ?

ప్రశ్న: ఓడల ఇంధనంలో గంధకం తగ్గించాక సముద్రాలు వేడెక్కాయంటున్నారు. అయితే పొగ ఉండటమే మేలా?
– ఒక ఉపాధ్యాయుడు, కోట

జవాబు: 2020 జనవరి 1 నుంచి ఆ గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగింది. మబ్బుల్లో ఓడల చారలు తగ్గాయి, వాటితో కొంత చల్లదనమూ పోయింది. ఎంత పోయిందన్న దానిమీద శాస్త్రజ్ఞుల్లో వాదం నడుస్తోంది. అయినా పొగ మేలు కాదు మాస్టారూ. ఈ రేణువులు వారం పదిరోజుల్లో కిందికి దిగిపోతాయి, అదే గొట్టం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంతభాగం వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది.